పిన్ను ముందు, గుర్తు తర్వాత

కోడలి కుట్టుమిషను ఆగిపోయి గంటన్నర అయింది.

ఆగిన చప్పుడే ఇల్లంతా వినిపిస్తోంది. హాల్లో ముగ్గురూ దాన్నే వింటూ కూర్చున్నారు. మేస్త్రి స్టూలు మీద, ఆయన భార్య వంటింటి గడప దగ్గర, కొడుకు నేల మీద, కోడలు వేసుకున్న తలుపుకి ఎదురుగా.

"ఇంకోసారి పిలు," అంది మేస్త్రి భార్య.

"నాలుగుసార్లు పిలిచానమ్మా."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. ఏడుపు వినిపించినా బాగుండేది."

మేస్త్రి నోరు విప్పలేదు. బస్సుల షెడ్డులో ముప్పై ఏళ్ళు బ్రేకులు చూసిన మనిషి. పిట్టు గోతిలో బండి కింద నిలబడి తల పైకెత్తి చేసే పని అది. నోరు తెరిస్తే గ్రీజు పడుతుంది. ఆ అలవాటే ఇంటికీ వచ్చింది.

అలాంటివాడు ఇవాళ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, "రేపు నేను చర్చిలో సంఘపెద్దగా నిలబడను. పంతొమ్మిదేళ్ళ కింద ఆ బస్సు పిన్ను తీసింది నేనే. మన వియ్యంకుడి తప్పు కాదు," అన్నాడు.

లోపల మిషను ఆ మాట దగ్గరే ఆగింది. సూది కింద ఉన్నది ఆయన చొక్కాయే. రేపు ఆదివారం చర్చిలో సంఘం ముందు వేసుకోవాలని కోడలు కుడుతున్న తెల్ల చొక్కా. ఒక చెయ్యి అతికింది. రెండోది ఇంకా అతకలేదు.

"రోజుకి పది మాటలు ఈ నోట్లోంచి వస్తే గొప్ప అనుకుని కాపురం చేశాను," అంది భార్య. "దాచిపెట్టినవన్నీ ఒక్కరోజే కక్కారు. అదీ అన్నం దగ్గర."

"ఎక్కడ చెప్పినా అదే మాట."

"షెడ్డులో మిమ్మల్ని సున్నా అని ఊరికే అనలేదు. నా ఇంటికి సున్నా చుట్టారు."

ఆ పేరు నిజమే. షెడ్డులో పని అయిన చక్రం మీద ఎవరి గుర్తు వాళ్ళు సుద్దముక్కతో పెట్టాలి. మేస్త్రిది సున్నా. పక్క పిట్టులో పనిచేసే స్నేహితుడిది ప్లస్సు. కొన్నాళ్ళకి అసలు పేర్లు పోయి ఇవే మిగిలాయి.

గుర్తుకి ఒక కట్టుబాటు ఉంది. గోడ మీద ఎర్రరంగుతో రాసి ఉండేది. పిన్ను ముందు, గుర్తు తర్వాత.

బ్రేకు రాడ్డు చివర నట్టు ఊడిరాకుండా అడ్డంగా ఒక పిన్ను దూర్చి, దాని రెండు కాళ్ళూ విడదీసి వంచాలి. జడపిన్ను కన్నా కాస్త లావు. అంతే వస్తువు.

అది లేక ఒక బస్సు వాలులో ఆగలేదు. గోడకి గుద్దుకుంది. ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ కండక్టరు చచ్చిపోయాడు. ఇరవై నాలుగేళ్ళవాడు. విచారణకి వచ్చినవాళ్ళు చూస్తే రాడ్డుకి పిన్ను లేదు. చక్రం మీద ప్లస్సు ఉంది.

పిన్ను పెట్టకుండానే గుర్తు పెట్టాడని ప్లస్సుని మూడేళ్ళు జైల్లో ఉంచారు. తనే మరిచిపోయి ఉంటాననుకుని ప్లస్సు ఒప్పుకున్నాడు.

ఆ ప్లస్సు కూతురే ఇప్పుడు తలుపు వేసుకున్న కోడలు.

"నాలుగింటికి ఆయన వస్తాడు," అన్నాడు కొడుకు, గోడ గడియారం వంక చూస్తూ. "శనివారం కదా."

"వస్తాడు," అన్నాడు మేస్త్రి.

"టీ తాగి పోతాడు. అంతే కదా నాన్నా? ఎప్పటిలాగే."

మేస్త్రి మూసిన తలుపు వంక చూశాడు.

"నాన్నా. నేను అడుగుతున్నాను. టీ తాగి పోతాడు, అంతేనా?"

"చెప్తాను."

"ఒద్దు. లోపలున్నదాన్ని నేను ఎలాగో ఒప్పించుకుంటాను. నెల పట్టనీ, ఏడాది పట్టనీ. ఆయనకి తెలిసిందా, కూతుర్ని తీసుకుని పోతాడు. పోయాక గడప తొక్కనివ్వడు. నీ బరువు దించుకోడానికి నా కాపురం దించేస్తావా?"

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. మేస్త్రి రెండు అరచేతులూ మోకాళ్ళ మీద బోర్లించాడు.

"ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడేం ముంచుకొచ్చింది?" అన్నాడు కొడుకు.

"పాస్టరుగారు వచ్చి సంఘపెద్దగా ఉండమన్నారు. ఆ మాట మింగుడు పడలేదు. బుధవారం పోయి ఆయనకి చెప్పాను."

"ఆయనకి ముందు, మాకు తర్వాత," అంది భార్య.

"ఆయన అంతా విన్నాడు. తర్వాత అన్నాడు, మేస్త్రీ, ఇన్నేళ్ళూ ప్రభువు దగ్గరికి మంచివాడిలా వెళ్ళావు, ఒక్కసారి దొంగలా వెళ్ళిచూడు అని. సిలువ మీద దొంగకి ఆయన పక్కన చోటుంది, మంచివాళ్ళకే ఇరుకు అన్నాడు."

"వెళ్ళారా?"

"చర్చిలో చివరి బల్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. పిన్ను తీసింది నేను అన్నాను. అంతకు మించి ప్రార్థన రాలేదు."

భార్య చూస్తూ ఉండిపోయింది. ఈ మనిషి ప్రార్థన గురించి మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. చర్చి ఊడుస్తాడు. కుర్చీలు మోస్తాడు. వానకి కారే రేకుకి తారు పూస్తాడు. ప్రార్థన చెయ్యమంటే దగ్గు వచ్చినట్టు బయటికి పోతాడు.

"తర్వాత?" అంది, అడగకూడదనుకుంటూనే.

మేస్త్రి మాట కోసం వెతుక్కున్నాడు. "పిట్టులోంచి పైకి వచ్చినట్టుంది," అన్నాడు.

"మరింకేం? దేవుడు క్షమించాడు. అక్కడితో సరి. మధ్యలో మనుషుల్ని కెలకడం దేనికి?"

"ఆయన క్షమించాడు కాబట్టే చెప్పాలి. లేకపోతే నాకు నోరెక్కడిది? పంతొమ్మిదేళ్ళూ లేదుగా."

తలుపు గడియ కదిలింది.

ముగ్గురూ లేవబోయి లేవలేదు. కోడలు వచ్చింది. చేతిలో తెల్ల చొక్కా, కుట్లు విప్పే బ్లేడు. కళ్ళు పొడిగా ఉన్నాయి. ఎవరి వంకా చూడకుండా చాప మీద కూర్చుని, అతికిన చేతిని విప్పడం మొదలుపెట్టింది. ఒక్కొక్క కుట్టు దగ్గరా దారం చిన్నగా టప్ మంటోంది.

"మామయ్యా, నాకొక్కటి చెప్పండి," అంది తల దించుకునే. "నన్ను అడగడానికి మా ఇంటికి వచ్చారు కదా. పిల్ల నచ్చి వచ్చారా, పిన్ను కోసం వచ్చారా?"

"అది నన్నడుగు," అన్నాడు కొడుకు. "నాకు నచ్చి..."

"నిన్ను అడగలేదు."

మేస్త్రి భార్య కళ్ళతోనే మొగుడిని బతిమాలింది. ఒక్క అబద్ధం. ఇన్నేళ్ళు ఆడినదాని ముందు ఇదెంత?

"పిన్ను కోసమే," అన్నాడు మేస్త్రి.

బ్లేడు ఆగింది.

"తర్వాత మారింది," అన్నాడు. "నువ్వు వచ్చిన ఏడాది నాకు జ్వరం వచ్చింది చూడు. అప్పటికి పిన్ను లేదు. నువ్వే ఉన్నావు. కానీ ముందు వచ్చింది అందుకే."

కోడలు తలూపింది, దర్జీ కొలత విన్నట్టు.

"అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నాన్నని జైలు నుంచి రెండు గంటలపాటు తెచ్చారు, పోలీసు పక్కన నిలబెట్టారు. శవపెట్టె మోసిన నలుగురిలో మీరొకరు. మట్టి వేశాక నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది మీరే. దేవుడు ఇలాంటి మనిషిని కూడా పుట్టించాడా అనుకున్నాను."

ఊడిన దారప్పోగులు చాప మీంచి ఏరింది.

"నేనూ ఆ షెడ్డు పిల్లనే మామయ్యా. గోడ మీద రాత చూసే అక్షరాలు నేర్చుకున్నాను. పిన్ను ముందు, గుర్తు తర్వాత. మీరు పిన్ను పెట్టనేలేదు. గుర్తులు మాత్రం పెట్టుకుంటూ వచ్చారు. పెట్టె మోయడం ఒక గుర్తు. చర్చి ఊడవడం ఒక గుర్తు. నేనొక గుర్తు."

"అవును," అన్నాడు మేస్త్రి.

"అవునంటే సరిపోయిందా?" అంది భార్య, కోడలితో కాదు, గోడతో.

చొక్కా చెయ్యి పూర్తిగా ఊడి వచ్చింది. కోడలు దాన్ని మడిచి పక్కన పెట్టింది.

"ఇంకో మాట," అంది. "నాన్నకి చెప్పకండి."

కొడుకు ఉలిక్కిపడ్డాడు. తను ఇందాక అడిగినదే ఆమె అడిగింది. అయినా వింటే భయం వేసింది.

"నేను ఎక్కడికీ పోను. పోతే ఎందుకు వచ్చావంటాడు. కాబట్టి పోను," అంది. "నాన్న అప్పుడు అన్నీ పోగొట్టుకున్నాడు. ఉద్యోగం, అమ్మ, పేరు. ఒక్కటే వెంట తెచ్చుకున్నాడు. నేను చంపాను, నన్ను ప్రభువు క్షమించాడు అన్న మాట. ఆ మాట మీదే నిలబడ్డాడు. నెలకోసారి అదే జైలుకి వెళ్ళి ఖైదీలకి అదే చెప్తాడు. ఇప్పుడు మీరు పోయి నువ్వు చంపలేదు అంటే, ఆయన ఎక్కడ నిలబడాలి? అది కూడా తీసేస్తారా మామయ్యా, పిన్ను తీసినట్టు?"

బుధవారం నుంచి మేస్త్రి చాలా అనుకున్నాడు. ప్లస్సు తిడతాడనుకున్నాడు, కొడతాడనుకున్నాడు. ఇది అనుకోలేదు.

గేటు మోగింది.

ఒకసారి వేసిన చప్పుడు. మళ్ళీ తీసి వేసిన చప్పుడు. మూడోసారి గడియ పట్టుకుని లాగి చూసిన చప్పుడు.

ప్లస్సు వచ్చాడంటే గేటు మూడుసార్లు మోగుతుంది. ఇంట్లో అదొక నవ్వులాట. ఇవాళ ఎవరూ నవ్వలేదు.

"ఏంటిది?" అన్నాడు ప్లస్సు చెప్పులు విప్పుతూ. "సంఘపెద్దగారి ఇల్లే ఇంత చప్పగా ఉంటే మాలాంటి సామాన్యులు ఎక్కడికి పోవాలి? చెల్లెమ్మా, టీ పెట్టావా, లేక పెద్దరికం వచ్చిందని మానేశావా?"

"పెడుతున్నా అన్నయ్యా," అని ఆమె గబగబా లేచింది. పొయ్యి వెలిగించడానికి మూడు అగ్గిపుల్లలు పట్టాయి.

ప్లస్సు సన్నగా, ఎత్తుగా ఉంటాడు. మాట ముందు వస్తుంది, మనిషి తర్వాత వస్తాడు. భుజానికి గుడ్డసంచి. అందులో గోళ్ళు కత్తిరించే కత్తెర, కళ్ళలో వేసే మందు సీసా. శనివారం సాయంత్రం ఆయన వెళ్ళేది చనిపోయిన కండక్టరు తల్లి దగ్గరికి. జైలు నుంచి వచ్చిన వారమే వెళ్ళాడు. మొదటి ఏడు వారాలు ఆమె తలుపు తీయలేదు. ఎనిమిదో వారం తీసింది. ఆ రోజు నుంచి కొడుకా అని పిలుస్తుంది.

"చొక్కా అయిందా తల్లీ?" అన్నాడు కూతురితో. "అదేంటి, చేతులు లేవు? మీ మామకి చేతులు లేని చొక్కా కుడుతున్నావా? అసలే పెద్దమనిషి."

"కొలత తప్పింది నాన్నా."

"నీకు కొలత తప్పడమేంటి?"

కోడలు చొక్కాని ఒళ్ళోకి లాక్కుంది. ప్లస్సు స్టూలు పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని మేస్త్రి మోకాలి మీద చరిచాడు.

"బావా, రేపు నేను కూడా లేచి రెండు మాటలు చెప్తాను. పాస్టరుగారిని అడిగి పెట్టుకున్నాను. ఒద్దనకు. నేను పిన్ను మరిచి ఒక తల్లి కొడుకుని చంపాను, అది ప్రభువు క్షమించాడు, సరే. కనబడని దేవుడు క్షమించడం ఒక ఎత్తు. అలాంటివాడి కూతుర్ని తెలిసి తెలిసి ఇంటికి తెచ్చుకున్న మనిషి ఒకడున్నాడు, ప్రభువు క్షమాపణ ఎలా ఉంటుందో వీడిలో నేను కంటితో చూశాను అని చెప్తాను. ఎలా ఉంది మాట?"

వంటింట్లో చెంచా కింద పడింది.

మేస్త్రి ప్లస్సు ముఖం వంక చూశాడు. అంతకు ముందు దాకా చెప్పాలా వద్దా అన్నది ఆయన చేతిలో ఉంది. ఆ మాటతో అది కూడా పోయింది.

"ప్లస్సూ," అన్నాడు.

అందరి ముందు ఆ పేరుతో పిలవడం ఆయనకి అలవాటు లేదు. వియ్యం కలిశాక బావా అనేవాడు.

"చెప్పరా సున్నా," అన్నాడు ప్లస్సు నవ్వుతూ.

"మామయ్యా," అంది కోడలు.

మేస్త్రి ఆగలేదు. "ఆ రోజు నువ్వు పిన్ను పెట్టావు."

"ఏ రోజు?"

"నువ్వు పెట్టావు. కాళ్ళు వంచావు. ఆ తర్వాతే గుర్తు పెట్టావు. నేను తీశాను."

ప్లస్సు నవ్వు ముఖం మీద అలాగే ఉంది. దాన్ని తీసెయ్యడం మరిచిపోయినట్టున్నాడు.

"నా బండి పిన్ను కాలు విరిగింది," అన్నాడు మేస్త్రి. "స్టోరు వాడు తాళం వేసుకుని భోజనానికి పోయాడు. నా బండి అప్పుడే పోవాలి. నీది ఆరింటికి. నీ వెనక చక్రం పిన్ను లాగి నా దానికి పెట్టాను. స్టోరు తెరిచాక నీకు కొత్తది పెడదామనుకున్నాను. ఈలోగా దారిలో ఒక బండి ఆగిందని నన్ను పంపారు. అక్కడ ఉండగా తెలిసింది, నీ బండిని మూడింటికే బయటికి తీశారని."

"తెలిసి?"

"పక్కన టీ కొట్టులో ఫోనుంది."

ఆ మాట ఆయన మధ్యాహ్నం చెప్పలేదు. భార్య టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చి అక్కడే నిలబడిపోయింది.

"ఫోనుంది," అన్నాడు మళ్ళీ. "చేసి ఆపమంటే పిన్ను ఎవరు తీశారని అడుగుతారు. నట్టు బిగుతుగానే ఉంది, ఒక్క ట్రిప్పుకి ఏం కాదులే అనుకున్నాను. టీ తాగాను."

గ్లాసుల్లో టీ తొణుకుతోంది. ఆమె వాటిని నేల మీద పెట్టింది, చప్పుడు కాకుండా.

ప్లస్సు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"మొదటి ముక్క మళ్ళీ చెప్పు," అన్నాడు.

"నువ్వు పిన్ను పెట్టావు."

"మళ్ళీ."

"పెట్టావు. కాళ్ళు రెండూ వంచావు. లాగుతుంటే గోరు చిట్లింది నాకు."

ప్లస్సు కుడిచెయ్యి ఎత్తి చూసుకున్నాడు. వేళ్ళు వాటంతట అవే కదిలాయి. బొటనవేలూ చూపుడువేలూ కలిసి దేన్నో దూర్చాయి. మణికట్టు తిరిగింది. రెండు కాళ్ళు వంగాయి. ఆ తర్వాత గాలిలో ఒక నిలువు గీత, ఒక అడ్డగీత.

"గ్యాసు కట్టానా అని పదిసార్లు చూస్తాను," అన్నాడు మెల్లగా. "తాళం వేశానా అని సగం దారి నుంచి వెనక్కి వస్తాను. మీ గేటు మూడుసార్లు వేస్తానని మీరంతా నవ్వుతారు. నా చేతిని నేను నమ్మడం మానేసి పంతొమ్మిదేళ్ళయింది."

"నాన్నా," అంది కోడలు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మధ్యాహ్నం."

"చెప్పొద్దన్నావా?"

"అన్నాను. నీకు మిగిలింది ఆ క్షమాపణ ఒక్కటే కదా నాన్నా. అది కూడా పోతుందని."

ప్లస్సు కూతురి వంక వింతగా చూశాడు.

"ఆయన నన్ను పిన్ను ఒక్కదానికే క్షమించాడనుకున్నావా? పిచ్చితల్లీ. జైల్లో మొదటి నెల పిన్ను కోసమే ఏడ్చాను. రెండో నెల మీ అమ్మని నేను ఏడిపించిన రోజులు గుర్తొచ్చాయి. తాగి వచ్చి చెయ్యి చేసుకున్న రోజులు. నీకు తెలియనివి ఉన్నాయి. పిన్ను చేతికి దొరికిన మొదటి కొస, అంతే. పట్టుకుని లాగితే సంచి మొత్తం వచ్చింది." తన చేతి వంక మళ్ళీ చూసుకున్నాడు. "చెయ్యనిదానికి మూడేళ్ళు లోపలున్నాను. చేసినవాటికి ఒక్కపూట కూడా లేను. వాటిని ఆయన మోశాడు. అది ఎవడు లాగితే ఊడుతుంది?"

కోడలు రెండు చేతులతో ముఖం కప్పుకుంది. మధ్యాహ్నం నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది.

మేస్త్రి భార్యకి కొంచెం ఆశ పుట్టింది. "అన్నయ్యా, మరి ఈయన్ని కూడా..."

"ఆగు చెల్లెమ్మా." ప్లస్సు చెయ్యెత్తాడు. "పాతవన్నీ పోయాయి. ఈ కోపం కొత్తది. ఇప్పుడే పుట్టింది. ఈ నిమిషంలో నా లోపల ఉన్నది అప్పటి జడ్జీ చూస్తే, నన్ను న్యాయంగానే లోపలేసేవాడు."

ఆయన మేస్త్రి వైపు తిరిగాడు.

"టీ బాగుందా?" అన్నాడు. "ఆ రోజు."

మేస్త్రి కళ్ళు దించలేదు. దించితే పారిపోయినట్టు అవుతుందనుకున్నాడు. "రుచి తెలియలేదు," అన్నాడు.

"మీరు మా ఆవిడ పెట్టె మోశారు."

మీరు. నలభై ఏళ్ళ స్నేహంలో ఆ మాట ఎప్పుడూ లేదు. చెంపదెబ్బ అయితే మేస్త్రికి ఇంత తగిలేది కాదు. కొడుకు కూడా విని తల పక్కకి తిప్పుకున్నాడు.

"మోశాను."

"మీ భుజం మీద ఉందని నాకు ధైర్యంగా ఉండింది. పోలీసుతో కూడా అన్నాను, వాడు నా స్నేహితుడు అని."

మేస్త్రి జేబులోంచి ఏదో తీశాడు. చిన్న కాగితం పొట్లం. లేచి, దాన్ని విప్పి స్టూలు మీద పెట్టాడు. తుప్పు పట్టిన పిన్ను. రెండు కాళ్ళూ వంకరగా ఉన్నాయి, వంచి, లాగి, మళ్ళీ వంచినట్టు.

"నా బండికి కొత్తది పెట్టి మర్నాడే దీన్ని తీశాను," అన్నాడు. "పారేయలేకపోయాను."

ప్లస్సు దాన్ని ముట్టుకోలేదు. గోడ గడియారం వంక చూశాడు.

"ఐదు కావస్తోంది. ముసలమ్మ కళ్ళలో మందు వేయాలి," అన్నాడు. లేచి సంచి భుజానికి తగిలించుకున్నాడు. "ఆమె నన్ను క్షమించి పదహారేళ్ళు. నా తల మీద చెయ్యి పెట్టి క్షమించింది. అదిప్పుడు పక్కింటికి పోవాల్సిన ఉత్తరం నాకిచ్చినట్టయింది. ఇవాళ ఆమె ముందు ఏ ముఖంతో కూర్చోమంటారు, మేస్త్రిగారూ?"

"నేను వస్తాను," అన్నాడు మేస్త్రి.

"నేను రమ్మనలేదు."

"రమ్మంటేనే వస్తానంటే ఇంకో పంతొమ్మిదేళ్ళు పడుతుంది."

"పోలీసుల దాకా పోతే?" అంది భార్య. గొంతులో కోపం లేదు ఇప్పుడు. "ముసలావిడ కేసు తిరగతోడమంటే? ఈ వయసులో?"

"తోడనీ."

అన్నాక మేస్త్రికే ఆశ్చర్యమేసింది. గొంతు వణకలేదు. ఎవరూ ఆయన్ని క్షమించలేదు. కోడలు ఏడుస్తోంది. కొడుకు ముఖం చూడటం లేదు. స్నేహితుడు మీరు అంటున్నాడు. ఇన్ని పోయినా లోపల గొలుసు ఒకటి తెగి పడి ఉంది, మళ్ళీ చుట్టుకోవడం లేదు. ఇంత దుఃఖం మధ్య తనకి తేలిగ్గా ఊపిరి ఆడుతున్నందుకు సిగ్గుపడ్డాడు. బుధవారం మోకాళ్ళ మీద దొరికింది ఇదేనని అప్పుడు తెలిసింది. మనుషులు ఇస్తే వచ్చింది కాదు. మనుషులు ఇవ్వకపోయినా పోయేది కాదు. కానీ అది ఊరికే కూర్చోనివ్వదు. లేచి చెప్పులు వెతుక్కోమంటుంది.

ప్లస్సు గుమ్మం దిగాడు. కూతురు వెనకే లేచింది.

"నాన్నా, నేనూ వచ్చేస్తాను."

కొడుకు నేల మీంచి లేచాడు.

ప్లస్సు వెనక్కి తిరగకుండా అన్నాడు. "ఎక్కడికి?"

"నీతో. మనింటికి."

"నాతో వస్తే నా కోపానికి వంట చేసిపెడతావు. అది బలుస్తుంది. ఉండు." ఒక్క క్షణం ఆగాడు. "ఉండమని మీ మామ కోసం చెప్పడం లేదు."

వాకిలి దాటాడు. గేటు తీశాడు. బయటికి వెళ్ళి వేశాడు. ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు ఒకసారి వినిపించింది.

హాల్లో నలుగురూ తెలియకుండానే రెండో చప్పుడు కోసం చూశారు.

రాలేదు.

కోడలు కిటికీ దగ్గరికి పరిగెత్తింది. తండ్రి వీధిలో నడిచిపోతున్నాడు. సంచి ఊగుతోంది. వెనక్కి తిరిగి చూడటం లేదు. గడియ పట్టుకుని లాగి చూడలేదు. సగం దారి నుంచి తిరిగి రావడం లేదు. మలుపు దాకా అలాగే నడిచి, అక్కడ కనిపించకుండా పోయాడు.

వెనక మేస్త్రి చెప్పులు వేసుకుంటున్నాడు. ఎడమది కుడికాలికి దూరుస్తున్నాడు. భార్య ఏమీ అనకుండా వంగి సరిచేసింది. కొడుకు స్టూలు మీది పిన్ను వంక చూస్తున్నాడు. అంత చిన్నదని అతను అనుకోలేదు.

"మామయ్యా," అంది కోడలు కిటికీలోంచి కళ్ళు తిప్పకుండా.

గేటు మెల్లగా, దానంతట అదే వెనక్కి తెరుచుకుంటోంది.

"నాన్న గడియ వేయలేదు."